చెన్నై చుట్టుపక్కల చెరువులు, ఏర్లు, సముద్రతీరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లు, నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. దాదాపు అన్నీ ఒక పూటలోనో, ఒక రోజులోనో వెళ్లి రాగలిగిన చోట్లే. పడవ టికెట్లు, పార్కింగు రేట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

ఎక్కడికి వెళ్లాలన్నదాని కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చెన్నైలో ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే, ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లకు వినాయక చవితి నాటికే చెరువులు నిండి ఉండటం అలవాటు. ఆ లెక్కన దసరా సెలవులకు వచ్చి, చెన్నైకి తాగునీరిచ్చే పూండి చెరువు గట్టెక్కితే చాలా ఏళ్లలో నీటికంటే గడ్డే ఎక్కువ కనిపిస్తుంది. అదే చెరువు సంక్రాంతికి కళకళలాడుతుంది.

అందుకే డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అసలైన కాలం. నీళ్లుంటాయి, పక్షులుంటాయి, ఎండ మాడ్చదు. నవంబరులో నీళ్లున్నా వాయుగుండం ఎప్పుడు ముంచుకొస్తుందో తెలియదు. టికెట్లు బుక్ చేసుకుని గదిలో కూర్చోవాల్సి రావచ్చు. మార్చి దాటాక వలస పక్షులు వెళ్లిపోతాయి. మే వచ్చేసరికి మిగిలేది సాయంత్రపు సముద్రపు గాలి ఒక్కటే. 2019 జూన్‌లో అయితే నగరానికి తాగునీరిచ్చే నాలుగు పెద్ద చెరువులూ దాదాపు అడుగంటిపోయాయి. వేసవిలోనే రావాల్సి వస్తే చెరువుల్ని వదిలేసి తెల్లవారుజామున, సాయంత్రం తీరానికి మాత్రం వెళ్లండి.

బోర్డు మీద 'ఏరి' అని ఉంది. అది ఏరా, చెరువా?

చెరువు. మనవాళ్లు తికమకపడే మొదటి మాట ఇదే. తమిళంలో ఏరి అంటే చెరువు, ఆరు అంటే నది. చెంబరంబాక్కం ఏరి అంటే చెంబరంబాక్కం చెరువు, అడయార్ అంటే అడై అనే ఏరు. కుళం అంటే గుంట లేదా కోనేరు. పడగు అంటే పాము పడగ కాదు, పడవ. 'పడగు కుళామ్' అని ఉంటే అది బోట్ హౌస్. ముగత్తువారం మన ముఖద్వారమే. తరైప్పాలం అంటే వరదొస్తే మునిగిపోయే లోలెవల్ వంతెన.

'కుళిక్క తడై' అంటే స్నానం నిషేధం. 'ఆళమాన పగుది' అంటే లోతైన చోటు. ఈ రెండు బోర్డులూ తమిళంలో మాత్రమే ఉండే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి అక్షరాలు రాకపోయినా అక్కడున్న టీ కొట్టు అన్నను ఒకసారి అడగండి. తిరువళ్లూరు, ఊత్తుకోట, పొన్నేరి వైపు తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు.

మెరీనాకు ఏ స్టేషన్‌లో దిగాలి?

'చెన్నై బీచ్' స్టేషన్‌లో మాత్రం దిగకండి. పేరు చూసి దిగినవాళ్లకు ఎదురయ్యేది హార్బరు గోడ, ప్యారిస్ కార్నర్ రద్దీ. మెరీనా అక్కడికి ఆమడ దూరం.

సెంట్రల్‌లో రైలు దిగితే రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌కు వెళ్లి, వేళచ్చేరి వైపు వంతెనల మీదుగా వెళ్లే లోకల్, అంటే ఎంఆర్‌టీఎస్ రైలెక్కండి. చేపాక్కం, తిరువల్లిక్కేణి, లైట్ హౌస్ అనే మూడు స్టేషన్లూ మెరీనా పొడవునా వరుసగా వస్తాయి. అన్నాదురై, ఎంజీఆర్ లాంటి నేతల సమాధులు, నేపియర్ వంతెన వైపు చూడాలంటే చేపాక్కం. పార్థసారథి గుడి చూసుకుని బీచ్‌కు నడవాలంటే తిరువల్లిక్కేణి. దీపస్తంభం ఎక్కాలంటే లైట్ హౌస్. ఆ దీపస్తంభానికి లిఫ్టు ఉంది. సోమవారం సెలవు, మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు.

ఆంధ్రా బస్సుల్లో వచ్చేవాళ్లు దిగేది మాధవరంలో. అది నగరానికి ఉత్తరపు కొస. పుళల్, పులికాట్ వైపు వెళ్లేవాళ్లకు అది కలిసొస్తుంది. మహాబలిపురం వెళ్లేవాళ్లు మాత్రం నగరం మొత్తం దాటాలి, అందుకు గంటన్నర పైనే వేసుకోండి.

మెరీనాలో స్నానం చేయొచ్చా? మోకాళ్ల దాకా దిగితే ఏమవుతుంది?

స్నానం, ఈత నిషేధం. పోలీసులు ఊరికే విజిల్ వేయరు. మోకాళ్ల దాకా కూడా వద్దని చెప్పడానికి కారణాలు రెండు.

మొదటిది, ఇక్కడ ఇసుక మెల్లగా వాలదు. నాలుగడుగులు బాగానే ఉంటుంది, అయిదో అడుగుకు నేల జారిపోతుంది. ఒక అల వెనక్కి వెళ్తూ మడమల కింది ఇసుకను తోడేస్తుంది; మనిషి వెనక్కి తూలిన క్షణంలోనే తర్వాతి అల వచ్చి పడుతుంది. పిల్లల విషయంలో ఇదంతా పది సెకన్ల పని.

రెండోది, వెనక్కి లాగే పాయ. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. అది ఒకచోట ఇరుకైన దారి చేసుకుని నదిలా లోపలికి దూసుకుపోతుంది. దాన్ని కంటితోనే గుర్తుపట్టొచ్చు: అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురుగు లేకుండా, కాస్త మట్టి రంగులో, నెమ్మదిగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు "ఇక్కడ అలల్లేవు, బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు.

చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. గజ ఈతగాళ్లు కూడా అలాగే అలిసి మునిగిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి అరవాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం పోయి, లాగుడు తగ్గాక ఏటవాలుగా బయటికి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకొద్దు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాను, తాడు, చీరల ముడి, ఏది దొరికితే అది విసరండి. వెంటనే 112కు ఫోన్ చేసి, దగ్గర్లోని జాలర్లను పిలవండి. ఒకరిని కాపాడబోయి ముగ్గురు పోయిన ఘటనలు ఈ తీరంలో కొత్తేమీ కాదు.

మెరీనాలో ఇంత ఇసుక ఎలా వచ్చింది? నీళ్ల దాకా నడవలేకపోతున్నాం.

హార్బరు కట్టడం వల్ల. చెన్నై తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1876లో మొదలైన హార్బరు గోడలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఇసుక అందక తీరం కోసుకుపోయింది. అందుకే అక్కడ బీచ్‌కు బదులు నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. మెరీనా అన్న పేరు 1880లలో గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ పెట్టింది.

రోడ్డు నుంచి నీళ్ల దాకా సగటున 300 మీటర్లు. మెత్తటి ఇసుకలో అది కిలోమీటరు నడిచినట్టే. పెద్దవాళ్లను, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను తీసుకొస్తే వివేకానంద ఇల్లం ఎదుట నీళ్ల దగ్గరి దాకా వేసిన చెక్క బాట ఉంది, అక్కడికి వెళ్లండి. 2022 నవంబరులో తెరిచారు, పక్షం రోజుల్లోనే మాండూస్ తుపాను విరగ్గొడితే మళ్లీ బాగుచేశారు. ఏ తుపాను తర్వాతైనా బాట తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. చల్లదనం కోసం ఉదయం 6 లోపు, లేదంటే సాయంత్రం 5 తర్వాత.

ఆ వివేకానంద ఇల్లం ఒకప్పటి ఐస్ హౌస్. అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన మంచుగడ్డల్ని అందులో దాచేవారు. ఇంకాస్త ఓపిక ఉంటే మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952లో ఆయన ఆమరణ దీక్ష చేసి ప్రాణం విడిచిన చోటు. బీచ్ చూసి వెనుదిరిగే తెలుగువాళ్లలో చాలామందికి అది అంత దగ్గరని తెలియదు.

బీసెంట్ నగర్ బీచ్ మెరీనా కంటే సురక్షితమా?

చూడటానికి శుభ్రం, రద్దీ తక్కువ. సముద్రం మాత్రం అదే. ఇసుకలో తెల్లగా నిలబడిన కార్ల్ ష్మిట్ స్మారకం 1930 డిసెంబరులో మునుగుతున్నవాళ్లను కాపాడబోయి చనిపోయిన డెన్మార్క్ నావికుడిదని కొందరు, డచ్చి నావికుడిదని కొందరు అంటారు. ఏ దేశస్థుడైనా, అది ఒక హెచ్చరిక బోర్డు లాంటిదే. అష్టలక్ష్మి గుడి, వేళాంగణ్ణి చర్చి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కుటుంబంతో సాయంత్రం గడపడానికి ఇదే మేలు.

ఇక్కడికి ఉత్తరాన, అడయార్ సముద్రంలో కలిసే చోట విరిగిన వంతెన ఉంది. 1967లో కట్టారు, పదేళ్లకే ప్రవాహానికి కొట్టుకుపోయింది. ఫోటోల కోసం పగలు చూసి వచ్చేయండి. చీకటి పడ్డాక ఆ వైపు మనుషులుండరు, దీపాలుండవు, అంచుకు పిట్టగోడలూ లేవు.

కూవం, బకింగ్‌హామ్ కాలువ చూడదగ్గవేనా?

నగరపు మురుగు మోసే కూవం నదిని రాత్రి నేపియర్ వంతెన మీద నుంచి, దీపాల వెలుగులో, గాలి సముద్రం వైపు నుంచి వీస్తున్నప్పుడు చూడండి. గాలి తిరిగితే ముక్కు మూసుకోవాలి.

బకింగ్‌హామ్ కాలువ కథ మనకు సంబంధించిందే. మన పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా తీరం వెంట సాగే ఉప్పునీటి కాలువ ఇది. 1806లో మొదలై ముక్కలు ముక్కలుగా పెరిగింది. అడయారును, కూవాన్ని కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్కను 1877-78 కరువు కాలంలో కూలి పనిగా తవ్వించారు. బియ్యం, ఉప్పు, కట్టెలు ఈ దారినే పడవల మీద మద్రాసు చేరేవి. ఇప్పుడు నగరంలో పడవలు లేవు. నగరంలో చాలా మేర ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు ఈ కాలువలోనే దిగాయి, అంటే వేళచ్చేరి రైల్లో కూర్చుంటే మీరు కాలువ మీదే వెళ్తున్నారన్నమాట.

పడవ షికారు ఎక్కడ చేయొచ్చు?

ముట్టుకాడులో. ఈసీఆర్ (తీరం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, నగరం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. తమిళనాడు పర్యాటక సంస్థ 1984 నుంచి నడుపుతున్న బోట్ హౌస్ ఇది. తెడ్డు పడవలు, మోటారు పడవలు, స్పీడ్ బోట్లు ఉంటాయి. నగరం లోపలే కావాలంటే చేట్‌పట్ చెరువు పార్కు ఉంది. చిన్నదే, పిల్లలకు సరిపోతుంది, చేట్‌పట్ స్టేషన్ నుంచి నడిచే దూరం.

ముట్టుకాడులో మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి గట్టిగా వీస్తుంది. సొంతంగా తెడ్డు వేసేవాళ్లు ముందు గాలికి ఎదురు వెళ్లాలి. అలిసిపోయాక గాలే వెనక్కి తోసుకొస్తుంది. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు: పోయేటప్పుడు హాయిగా పోయి, తిరిగి రావడానికి చేతులు పడిపోయి, టైము దాటిపోయి ఎక్స్‌ట్రా డబ్బు కట్టుకుంటారు.

లైఫ్ జాకెట్ భుజాన వేసుకోవడానికి కాదు. బకిల్సన్నీ పెట్టి, పట్టీలు లాగి బిగించి, ఇంకొకరు మీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది మీ సైజు కాదు. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, మీరు కిందికి జారిపోతారు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ ఇస్తే తీసుకోకండి, పిల్లల సైజు లేకపోతే ఆ పడవ ఎక్కకండి.

మహాబలిపురం, కోవళం, ముట్టుకాడు ఒకే రోజు అవుతాయా?

దూరం నుంచి మొదలుపెడితే అవుతాయి. పొద్దున్నే 5 గంటలకు బయల్దేరి ముందు మహాబలిపురం చేరండి. తీరపు గుడి తూర్పు ముఖం కాబట్టి తొలి ఎండలోనే రాయి రంగు తేలుతుంది. 9 దాటాక రాయి, నేల రెండూ కాలుతాయి. 8వ శతాబ్దిలో పల్లవ రాజసింహుడు కట్టించిన గుడి ఇది. 40 రూపాయల టికెట్ ఒకటే పంచరథాలకు కూడా చెల్లుతుంది, పారేయకండి. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. గుడి పక్కనున్న రాళ్ల కట్టల సందుల్లో నీళ్లు లోపలికి గుంజుతాయి, అక్కడ కాళ్లు పెట్టొద్దు.

ఎండ వేళ దక్షిణాది పాత ఇళ్ల మ్యూజియం దక్షిణచిత్రలో గడపండి, మంగళవారం మాత్రం సెలవు. అందులో మన ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఒకటి తెచ్చి నిలబెట్టారు. ఆ గుండ్రటి మట్టిగోడలు, కింది దాకా వంగిన తాటాకు కప్పు తుపాను గాలికి ఎదురు నిలవకుండా తప్పించుకునే పద్ధతి. 4 గంటలకు ముట్టుకాడు పడవ. చివర్లో కోవళం: శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2021లో పొందిన చోటు, స్నానాల గదులు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉండే అరుదైన చోటు. నీళ్లలో దిగాలని మరీ పట్టుబడితే లైఫ్‌గార్డులు ఉండి, హద్దు కట్టిన మేరలో మాత్రమే దిగండి. ఆదివారం సాయంత్రం ఈసీఆర్ మీద వెనక్కి రావడం ఒక యజ్ఞం. 4 లోపు తిరగండి, లేదా భోజనం చేసి 9 తర్వాత తిరగండి.

పులికాట్ చూడాలంటే తమిళనాడు వైపు వెళ్లాలా, మన వైపా?

దేనికోసం వెళ్తున్నారన్నదాన్ని బట్టి. మన పాతవాళ్లు ప్రళయ కావేరి అని పిలిచిన ఈ సరస్సు చిల్కా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. శ్రీహరికోట దీవి దీనికీ బంగాళాఖాతానికీ మధ్య గోడలా పడుకుని ఉంటుంది.

తమిళనాడు వైపు ఉన్నది పులికాట్ ఊరు. బస్సు బోర్డు మీద పళవేర్కాడు అని ఉంటుంది. సబర్బన్ రైల్లో పొన్నేరి దిగి బస్సెక్కాలి. అక్కడ చూడాల్సింది డచ్చివాళ్ల సమాధులు: ద్వారానికి రెండు వైపులా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, లోపలి పలకల మీద 17వ శతాబ్దపు చెక్కడాలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. 1613లో కట్టిన గెల్డ్రియా కోట చూద్దామని మాత్రం ఆశపడకండి. మిగిలింది దిబ్బ, కందకం, ముళ్ల చెట్లు. చేపల రేవు పొద్దున 6 నుంచి 8 మధ్య సందడిగా ఉంటుంది.

ఆ రేవులో "బోటు షికారు కావాలా" అని ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు. 2011 క్రిస్మస్ రోజున అలా వెళ్లిన పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. సరస్సు సగటు లోతు మీటరే కదా అనిపిస్తుంది. ప్రమాదమంతా ముఖద్వారం దగ్గర: ఆటుపోట్లకు నీరు ఒక్కసారిగా పరుగెత్తే ఇరుకు దారి అది.

పక్షుల కోసమైతే మన వైపు రావాలి. చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లున్నాయి, సుమారు 83 కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా వెళ్తుంది. ఆటో మాట్లాడుకుంటే రెండు గంటల్లో చూసి రావచ్చు.

జనవరిలో వెళ్లాం, ఒక్క ఫ్లెమింగో కూడా దగ్గరగా కనిపించలేదు. ఎందుకు?

చాలావరకు నీటి లోతు వల్ల. ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీటిని వడకట్టి తింటుంది. దానికి కాళ్లానే లోతు చాలు. వానలు బాగా పడిన ఏడు జనవరిలో రోడ్డు పక్కన లోతు ఎక్కువగా ఉంటుంది, గుంపులు దూరంగా లోతులేని చోట్లకు పోతాయి. నీరు తగ్గుతున్న కొద్దీ ఫిబ్రవరిలో రోడ్డు దగ్గరికి వస్తాయి. పండుగ తేదీలు చూసుకుని వెళ్లడం కంటే నీళ్లు చూసుకుని వెళ్లడం మేలు. పైగా ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనమే ఎక్కువ.

రెండో తప్పు వేళ. 10 దాటితే నీటి మీద వేడి ఆవిరి తెరలా అల్లాడుతుంది, బైనాక్యులర్స్‌లో గులాబీ మరకలు తప్ప ఏమీ తేలవు. 6.30 నుంచి 9 లోపు చూడాలి. మూడోది, వైపు. ఆ రోడ్డు పడమటి నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి కుడి చేతి వైపు పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. శ్రీహరికోట వైపు వెళ్తూ ఎడమ చేతి వైపు, అంటే ఉత్తరం వైపు చూస్తే వెలుగు మీ వెనక నుంచి వాటి మీద పడుతుంది. రెక్క విప్పినప్పుడు లోపలి ఎరుపు, అంచున నలుపు అప్పుడే తెలుస్తాయి.

బైనాక్యులర్స్ 8×42 చాలు. ఇంకా పెద్దవి చేతిలో వణుకుతాయి. దగ్గరికి వెళ్దామని గట్టు దిగకండి. పైకి ఎండి పగిలినట్టున్న నేల కింద మోకాలి లోతు జిగట బురద ఉంటుంది. చెప్పు దిగితే తిరిగి రాదు, కారు టైరు దిగితే ట్రాక్టరు పిలవాలి. షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) గేటు దగ్గర ఫోటోలు తీయొద్దు.

నేలపట్టుకు వెళ్లాలా, వేడంతాంగల్‌కా?

గూడబాతుల కోసం నేలపట్టు. సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్లు. నీళ్లలో నిలబడిన చెట్ల మీద అవి గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా ఉంటాయి. పొద్దున పులికాట్, తర్వాత నేలపట్టు అని కలుపుకుంటే రోజు సరిపోతుంది.

వేడంతాంగల్ చెన్నైకి దక్షిణాన, చెంగల్పట్టు దాటాక. 30 హెక్టార్ల చిన్న చెరువు. 1798 నాటికే ఆ ఊరివాళ్లు పక్షుల్ని కాల్చకూడదని కలెక్టరు దగ్గర కాగితం రాయించుకున్నారు. భక్తి ఒక్కటే కారణం కాదు: పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. ఇప్పటికీ అక్కడ దీపావళికి టపాకాయలు పేల్చరు. ఇక్కడికి పొద్దున కాదు, సాయంత్రం 4 నుంచి 6 మధ్య వెళ్లాలి; మేతకు పోయిన గుంపులన్నీ ఆ వేళ తిరిగొస్తాయి. దారిలో మదురాంతకం చెరువు, కట్ట కింద 'ఏరి కాత్త రామర్', అంటే చెరువును కాచిన రాముడి గుడి ఉన్నాయి. తెగబోతున్న కట్ట మీద వానలో ఇద్దరు విలుకాళ్లు కాపలా కాయడం కలెక్టరు దొర చూశాడని స్థలకథ.

ఎక్కడికీ కదలలేనివాళ్లకు నగరంలోనే పళ్ళిక్కరణై చిత్తడి నేల ఉంది, 2022లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. పక్కన చెత్తకుప్ప ఉందని ముందే తెలుసుకుని వెళ్తే నిరాశ ఉండదు.

పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువుల దగ్గర ఏముంది? ఈత కొట్టొచ్చా?

తాగునీటి చెరువులు, దిగనివ్వరు, పడవలూ లేవు. గట్టు మీద నడక, సూర్యాస్తమయం, అంతే. మూడింటిలో చూడదగ్గది పూండి. తిరువళ్లూరు దాకా లోకల్ రైలు, అక్కడి నుంచి బస్సు. 1944లో కొసస్థలై నదికి అడ్డంగా కట్టారు. మద్రాసు మేయరుగా ఉండి దీనికోసం పాటుపడిన సత్యమూర్తి పేరు పెట్టారు. పక్కనే చరిత్రపూర్వ యుగపు రాతి పనిముట్ల మ్యూజియం ఉంది.

మనవాళ్లకు పూండి ఇంకో రకంగా దగ్గర. అక్కడికి చేరే కృష్ణా నీళ్లు కండలేరు నుంచి 152 కిలోమీటర్లు కాలువలో నడిచి, ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి వస్తాయి. 1983 ఏప్రిల్ 18న ఎన్టీఆర్, ఎంజీఆర్ హయాంలో కుదిరిన తెలుగు గంగ ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకోవాలి. దారిలో ఆవిరి, ఇంకుడు పోను 12 టీఎంసీలు చెన్నైకి అందాలి. నీళ్లు మొదట చేరింది 1996లో. మట్టి కాలువలో నీరు దారిలోనే ఇంకిపోతుంటే పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు కాలువను బాగుచేయించింది. అందుకే దాన్ని సాయిగంగ అని కూడా అంటారు.

వెళ్లేముందు చెరువులో నీళ్లున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

చెన్నై మెట్రో వాటర్ వెబ్‌సైట్‌లో రోజూ మట్టాలు పెడతారు. లెక్క మిలియన్ ఘనపుటడుగుల్లో ఉంటుంది. వెయ్యితో భాగిస్తే మనకు అలవాటైన టీఎంసీ. పూండి పూర్తి సామర్థ్యం 3,231, చోళవరం 1,081, పుళల్ 3,300, కన్నన్‌కోట్టై 500, చెంబరంబాక్కం 3,645. అన్నీ కలిపినా 11.76 టీఎంసీలే. ఇంత పెద్ద నగరానికి ఎంత చిన్న గిన్నెలో చూడండి. సగానికి పైగా ఉంటే వెళ్లొచ్చు, పావు కంటే తక్కువుంటే దండగ.

చెంబరంబాక్కం పూర్తి మట్టం 24 అడుగులు. వానాకాలంలో 21, 22 దాటితే గేట్లు ఎత్తి అడయార్‌లోకి వదలడం మొదలవుతుంది. ఆ రోజుల్లో గేట్ల వైపు, దిగువన తరైప్పాలాల మీద నిలబడి సెల్ఫీలు దిగొద్దు. వంతెన మీద అడుగు నీరున్నా కారు తేలిపోతుంది.

దగ్గర్లో జలపాతాలున్నాయా?

రెండూ మన వైపే. చెన్నైవాళ్లు తడ ఫాల్స్ అని పిలిచేది ఉబ్బలమడుగు, వరదయ్యపాళెం దగ్గర. అటవీశాఖ గేటులో టికెట్ తీసుకుని రాళ్ల మీదుగా నడవాలి. మడుగు పైకి మామూలుగానే కనిపిస్తుంది, అడుగున రాతి గుంతలు, సందులు ఉంటాయి. దూకినవాడి కాలు ఇరుక్కుంటే ఈత వచ్చినా లాభం లేదు. కొండ మీద వాన పడితే కింద ఎండగా ఉన్నా వాగు నిమిషాల్లో పెరుగుతుంది. నీళ్లు హఠాత్తుగా మట్టిరంగు తిరిగినా, ఆకులు కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కండి. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే పుత్తూరు దగ్గరి కైలాసకోన నయం. నడక తక్కువ, ధార కింద నిలబడి తడవొచ్చు.

తాబేళ్లను చూడొచ్చా?

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి పనిచేస్తున్న విద్యార్థుల తాబేళ్ల సంరక్షణ బృందం వారాంతాల్లో రాత్రిపూట నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా నడక పెడుతుంది. రాత్రంతా ఇసుకలో నడవాలి, టార్చి, ఫ్లాష్ కుదరవు, తాబేలు కనిపిస్తుందన్న హామీ లేదు. చిన్నపిల్లలుంటే మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో పిల్లతాబేళ్లను సముద్రంలోకి వదిలేటప్పుడు వెళ్లండి.

ఏ రోజుల్లో అసలు వెళ్లకూడదు?

మన ముక్కనుమ, తమిళుల కాణుం పొంగల్. ఊరంతా నీటి ఒడ్డునే ఉంటుంది. మెరీనాలో పిల్లలు తప్పిపోతారని చేతికి ఫోన్ నంబరు పట్టీలు కడతారు. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజులు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చిన రోజులు. అప్పుడు ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దూరాన పుట్టిన అల తీరం మీదికి వస్తుంది.

చేపలు కొని ఇంటికి తీసుకెళ్లొచ్చా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, ఆ 61 రోజులు వంజరం ధర మండిపోతుంది, దొరికేదీ చాలావరకు ఐస్‌లో పాతబడ్డది. మిగతా రోజుల్లో మొప్ప ఎత్తి చూడండి: ఎర్రగా, జిగురు లేకుండా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. పులికాట్ పీతలు ప్రాణంతో, డెక్కలు కట్టి ఉంటేనే తీసుకోండి. చచ్చిన పీత ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. ప్రయాణం రెండు గంటలు దాటితే కిలో చేపకు కిలో ఐస్, థర్మాకోల్ పెట్టెలో అడుగున ఒక పొర, పైన ఒక పొర, కరిగిన నీరు పోవడానికి మూలన ఒక చిల్లు. రైల్లో వెళ్తుంటే ఆ చిల్లు కింద పాత తువాలు పరవండి, లేకపోతే పక్క సీటువాళ్లతో గూడూరు దాకా గొడవే.